గడ్డ లేదన్నారు

నాకు వచ్చిన రొమ్ము క్యాన్సర్ చేతికి తగలలేదు. మొదట తీసిన ఫొటోలో కనపడలేదు. అందువల్ల దాదాపు ఏడాది పాటు నాకేమీ లేదని అందరూ చెప్పారు. అలా చెప్పినవాళ్ళలో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ నా మంచి కోరేవాళ్ళే. నా కోపమంతా అందుకే. చెడ్డవాళ్ళయితే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

ఇప్పుడు పెద్ద వైద్యమంతా అయిపోయింది. రోజుకో మాత్ర మిగిలింది. జుట్టు చెవులు దాటి వచ్చింది. కుదురుగా కూర్చుని రాయగలననిపించి రాస్తున్నాను. "శాంతంగా రాయమ్మా, చదివేవాళ్ళు భయపడతారు" అంది మా అమ్మాయి హారిక. ప్రయత్నిస్తాను గానీ మాట ఇవ్వలేను.

మాది నిడదవోలు. బజారులో చీరల కొట్టు. పెళ్ళి పట్టుచీరలకి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మా దగ్గరికే వస్తారు. మా ఆయన సత్యనారాయణ గారు ముందువైపు కూర్చుంటారు, లోపల పరుపుల మీద ఆడవాళ్ళకి చీరలు పరిచి చూపించేది నేను. నాకు యాభై దాటాయి. అందులో సగం ఆ పరుపుల మీదే గడిచాయి. మాకు కేలెండరంటే ముహూర్తాలే. నా జబ్బు కూడా నాకు ఆ నెలల వరసలోనే గుర్తుంది.

శ్రావణం

ఆ శ్రావణంలో బేరాలు బాగా ఉన్నాయి. ఒకరోజు పొద్దున జాకెట్టు హుక్కులు పెట్టుకుంటుంటే ఎడమవైపు ఏదో తేడాగా తోచింది. నొప్పి లేదు. గడ్డ లేదు. కుడివైపు మెత్తగా ఉన్నచోట ఎడమవైపు మందంగా ఉంది. గంజి పెట్టిన బట్టకీ పెట్టని బట్టకీ ఉండే తేడా లాంటిది. ముహూర్తాలు తగ్గేదాకా ఆగి, మా ఊరి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

ఈ డాక్టరమ్మ గురించి చెప్పాలి. హారిక కడుపులో అడ్డం తిరిగితే, మమ్మల్నిద్దర్నీ బతికించి బయటికి తెచ్చిన మనిషి. మా ఊళ్ళో సగం ఇళ్ళలో పిల్లలు ఆవిడ చేతుల మీద పుట్టినవాళ్ళే. దసరాకి ఆవిడకి చీర మా కొట్టు నుంచే వెళ్తుంది. ఆవిడ మాటంటే నాకు వేదం.

శ్రద్ధగానే చూసింది. చేత్తో నొక్కి, చంకలో తడిమి, "గడ్డేమీ లేదు రాజ్యలక్ష్మీ. నెలసరి ఆగే ముందు ఒళ్ళు రకరకాలుగా మారుతుంది. మామూలే" అంది.

"గడ్డ కాదండి, మందంగా ఉంది."

"మందంగా ఉండటం జబ్బు కాదమ్మా. క్యాన్సరైతే గోళీలా చేతికి తగులుతుంది. నీకు లేదు. హాయిగా వెళ్ళు."

హాయిగానే వెళ్ళాను. దారిలో పూలు కూడా కొనుక్కున్నాను.

మాఘం

మాఘానికి చనుమొన లోపలికి లాక్కుపోయింది. ఎప్పుడూ వేసుకునే జాకెట్టు ఒకవైపు పట్టేసి ఒకవైపు వదులైంది. ఈసారి మా ఆయన్ని వెంట తీసుకెళ్ళాను. డాక్టరమ్మ మళ్ళీ నొక్కి చూసి, అనుమానం తీరడానికి రాజమండ్రిలో మామోగ్రామ్ తీయించుకు రమ్మంది. తీయించాం. ఏమీ లేదని రాసి ఇచ్చారు.

ఆ కాగితం చూసి డాక్టరమ్మ మొహం తేలికపడింది. దాన్ని నాకు కాదు, మా ఆయనకి చూపించింది. "చూడండి సత్యనారాయణగారూ, శుభ్రంగా ఉంది. ఆవిడకి ధైర్యం చెప్పండి."

నేను ఆ ఇద్దరి మధ్య కుర్చీలోనే ఉన్నాను.

"మరి ఇది లోపలికి ఎందుకు పోయిందండి?" అన్నాను.

"కొందరికి వయసుతో అలా అవుతుందమ్మా."

ఎండలు ముదిరాక మూడోసారి వెళ్ళాను. ఏదో పెరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఎలా తెలుస్తోందంటే చెప్పలేను. మన ఇంట్లోకి ఎవరో వచ్చి కూర్చుంటే, దీపం లేకపోయినా తెలుస్తుంది కదా, అలా. డాక్టరమ్మ ఈసారి చెయ్యి కూడా వెయ్యలేదు. నాకు ఆలోచనలు ఎక్కువయ్యాయనీ, పిల్ల ఉద్యోగానికి వెళ్ళిపోయి ఇల్లు బోసిపోవడం వల్ల ఇలా ఉంటుందనీ చెప్పి నిద్రమాత్రలు రాసింది.

బయటికొచ్చాక మా ఆయన విసుక్కున్నారు. "ఆవిడంత మనిషి చెప్పాక కూడా ఏంటి రాజ్యం నీ అనుమానం? రిపోర్టులో లేనిది నీకెలా తెలుస్తుంది?"

మా ఇంట్లో ఆయన అక్కగారు అనసూయ వదిన ఉంటుంది. ఆవిడ భర్త పోయాక మాతోనే ఉంటోంది. ఆవిడ ఇంకో మందు చెప్పింది. "మనసు బాగోకే ఇదంతా. అన్నవరం వెళ్ళి సత్యనారాయణస్వామి వ్రతం చేసుకుందాం. అన్నీ పోతాయి." వెళ్ళాం, చేసుకున్నాం. స్వామి మీద నాకేం కోపం లేదు, ఆయన నాకేమీ లేదని చెప్పలేదు కదా.

నిద్రమాత్రలు బాగా పనిచేశాయి. నేను నిద్రపోయాను. లోపలిది పోలేదు.

ఆషాఢం

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. కొట్లో ఈగలు తోలుకోవడమే. తాడేపల్లిగూడెంలో బ్యాంకులో పనిచేసే హారిక నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చింది. నేను చీర మార్చుకుంటుంటే గదిలోకి వచ్చి, నన్ను చూసి ఆగిపోయింది.

"అమ్మా, రెండు వైపులూ ఒకలా లేవేంటి?"

"లేవు. ఏడాదై లేవు. అందరికీ చెప్పాను."

మర్నాడు పొద్దున్నే అది నన్ను రాజమండ్రి బయల్దేరదీసింది. మా ఆయన కూడా గొణుక్కుంటూ రైలెక్కారు.

ఆ ఆసుపత్రిలో ఆ రోజు కూర్చున్న హాలు నాకు జన్మంతా గుర్తుంటుంది. గోడకి టీవీ, అందులో శబ్దం లేకుండా వంటల కార్యక్రమం. మనుషులందరూ దానికేసే చూస్తున్నారు, ఒక్కరూ వంట చూడటం లేదు. నా పక్కనావిడ ఒళ్ళో ఒక సంచీ పెట్టుకుని, దాని కాడల్ని ముడివేస్తూ విప్పుతూ ఉంది. మా ఆయన లేచి నడిచి, మళ్ళీ కూర్చుని, ఇంకా ఎంతసేపని అక్కడి అమ్మాయిని అడిగి వస్తున్నారు. నాకు మాత్రం మొదటిసారి తొందర లేదు. ఇంతకాలం ఆలస్యం చేసినవాళ్ళకి ఇప్పుడు తొందరేమిటనిపించింది.

సర్జను వయసులో చిన్నవాడు. "ఏంటమ్మా ఇబ్బంది?" అంటే, మా ఆయన అందుకుని, "ఏం లేదండి, ఈవిడకి కాస్త కంగారు" అని మొదలుపెట్టారు.

"ఆవిడని చెప్పనివ్వండి" అన్నాడు ఆ డాక్టరు.

చెప్పాను. మొదటి శ్రావణం దగ్గర్నుంచి అంతా చెప్పాను. అతను మధ్యలో ఆపలేదు. అంతా విని అప్పుడు చెయ్యి వేసి చూశాడు. చంకలో చిన్న బిళ్ళ ఒకటి అతని వేలికి తగిలింది. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు గానీ, వేలు అక్కడే కాసేపు ఆగింది. ఆ రోజే అల్ట్రాసౌండ్, తర్వాత ఎమ్మారై, తర్వాత సూదితో ముక్క తీసి పరీక్షకి పంపడం, అన్నీ వరసగా జరిగాయి.

ఫలితం వచ్చిన రోజు సర్జను ఆపరేషన్ థియేటర్లో ఉన్నాడు. వేరే డాక్టరు తలుపు తీసి, "రాజ్యలక్ష్మిగారి తాలూకు వాళ్ళు రండి" అన్నాడు. నేను లేచాను. "మీరు కూర్చోండమ్మా, ఇంట్లోవాళ్ళని రమ్మనండి" అన్నాడు. మా ఆయనా వదినా లోపలికి వెళ్ళారు. హారిక మందుల కొట్టు దగ్గర ఉంది. తలుపుకి మధ్యలో అద్దం ఉంది. ఆ అద్దంలోంచి మా ఆయన రెండు చేతులూ తల మీదికి వెళ్ళడం చూశాను. వదిన చెంగు నోటికి అడ్డం పెట్టుకోవడం చూశాను. నా జబ్బు సంగతి నాకు అలా తెలిసింది. మాట లేకుండా, అద్దంలోంచి, వేరేవాళ్ళ చేతుల్లో.

బయటికొచ్చి మా ఆయన నవ్వబోయారు. "ఏం లేదు రాజ్యం. చిన్న ఆపరేషన్ చేస్తారట."

అప్పుడు వచ్చిన కోపం నాకు పెళ్ళయ్యాక ఎప్పుడూ రాలేదు. ఆయన్ని పక్కకి నెట్టి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

"ఒళ్ళు నాదండి. ఆ మాట నాకే చెప్పండి."

ఆ డాక్టరు తడబడ్డాడు. తర్వాత కుర్చీ చూపించి చెప్పాడు. రొమ్ము క్యాన్సర్. చంకలోకి పాకింది. నయం చేయడానికి వీలున్న దశే. పూర్తి పేరు కూడా చెప్పాడు, లోబ్యులర్ అని.

"గడ్డ లేదు కదండీ. గడ్డ లేకుండా క్యాన్సర్ ఎలా వస్తుంది?"

"కొన్ని అలా వస్తాయమ్మా."

ఏడాది పాటు విన్న జవాబు లాగే ఉంది అది. సర్జను వచ్చాక ఆయన్నీ అడిగాను. ఇది తెలియకుండా ఆపరేషన్ బల్ల ఎక్కనని చెప్పాను. ఆయన కోప్పడలేదు. ముక్కని పరీక్ష చేసిన డాక్టరుగారికి ఫోన్ చేసి, నన్నూ హారికనీ కింది అంతస్తుకి పంపాడు.

ఆవిడ మధ్యవయసు మనిషి. రోగులెవరూ ఆ గదికి రారట, కుర్చీ మీది పుస్తకాలు తీసి కింద పెట్టి నన్ను కూర్చోబెట్టింది. మైక్రోస్కోపులోంచి ఎలా చూడాలో చూపించింది. ముందు కళ్ళకి ఏమీ ఆనలేదు. మెల్లగా కనపడింది. గోధుమరంగు గీతలతో గూళ్ళు కట్టినట్టు, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి.

"అవి మీ ఆరోగ్యంగా ఉన్న కణాలండి. ప్రతి కణానికీ చుట్టూ పల్చటి పొర ఉంటుంది. ఆ పొర మీద ఒక ప్రోటీన్ ఉంటుంది, ఇ-కాడ్హెరిన్ అంటాం. పక్క కణం పొర మీదా అదే ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. దానికి రంగు అంటేలా పరీక్ష చేస్తే ఇలా గోధుమరంగులో కనిపిస్తుంది. ఇప్పుడు పక్కకి చూడండి."

ఆవిడ కింది గాజుపలకని కాస్త జరిపింది. అక్కడ గోధుమరంగు లేదు. చిన్నచిన్న కణాలు, దేనికది, ఒకదాని వెనక ఒకటి సన్నని వరసల్లో ఉన్నాయి. గుంపు లేదు.

"ఇవి క్యాన్సర్ కణాలు. వీటి మీద ఆ ప్రోటీన్ పోయింది. మామూలుగా ఎక్కువమందికి వచ్చే రొమ్ము క్యాన్సర్లో అది చాలావరకు ఉంటుంది. అందుకని కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దగా పెరుగుతాయి, చేతికి గడ్డలా తగులుతాయి. మీవి పట్టుకోవు. విడివిడిగా కండలోకి జారిపోతాయి. అందుకే గడ్డ కట్టలేదు. మీరు మందంగా ఉందన్నారట కదా, సరిగ్గా ఇది అలాగే ఉంటుంది. మామోగ్రామ్‌లో కూడా ఒక్కోసారి దొరకదు."

"అంటే ఇది డాక్టర్లకి తెలిసిన సంగతేనా?"

"తెలిసిందేనండి. పుస్తకాల్లో ఉన్నదే."

"మొదట్లోనే పట్టుకుంటే చంకలోకి వచ్చేది కాదా?"

"ఆ మాట నేను చెప్పలేనండి. రాకపోయి ఉండొచ్చు. అప్పటికే వచ్చి ఉండనూ వచ్చు. ఎవరూ చెప్పలేరు" అంది.

ఆ నిజాయితీకి దణ్ణం పెట్టాలనిపించింది. అదే నిజాయితీ నా కోపానికి ఎప్పటికీ తీరని పని పెట్టి పోయింది. తప్పు వల్ల ఎంత నష్టపోయానో తెలిస్తే అంతకు సరిపడా కోప్పడి ఊరుకుంటాం. తెలియకపోతే ఎంతని కోప్పడాలి? పైకి వస్తుంటే మెట్ల మీద హారిక ఏడ్చింది. నేను ఏడవలేదు. ఏడాదిగా నాకు పిచ్చేమోనని నన్ను నేనే అనుమానించుకుంటూ వచ్చాను. పిచ్చి కాదని ఆ గదిలో తేలింది. క్యాన్సర్ అని తెలిసిన రోజున ఒక మనిషికి ఊరట కలిగిందంటే, అంతకు ముందు ఆ మనిషిని ఎంత నలిపారో ఆలోచించండి.

శ్రావణం నుంచి పుష్యం దాకా

ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. తర్వాత కీమో, ఆ తర్వాత రేడియేషన్. వాటి వివరాలు రాయను. నోట్లో ఇనుము చప్పరిస్తున్నట్టుండేదనీ, అన్నం ఉడికే వాసన వస్తే వీధిలోకి పోయి నిలబడేదాన్ననీ చెబితే చాలు.

కీమో ఎక్కించే హాల్లో సోమయాజులుగారని ఒక పురోహితుడు కలిసేవారు. కోనసీమ మనిషి, ముక్తేశ్వరం అవతల ఏదో పల్లె. కడుపులో క్యాన్సర్. పక్క కుర్చీలో ఆయన, సూది నా చేతికీ ఆయన చేతికీ. ఒకరోజు ఎవరో రోగి తాలూకు మనిషి పరామర్శకని వచ్చి, "ఏ జన్మలో ఏం చేసుకున్నామో, ఇలా అనుభవిస్తున్నాం" అని నా తల నిమిరి వెళ్ళింది. నాకు ఒళ్ళు మండిపోయింది. సోమయాజులుగారు అంతా విని, కళ్ళు మూసుకునే అన్నారు.

"పట్టించుకోకండమ్మా. నలభై ఏళ్ళుగా చాలామంది చేత ప్రాయశ్చిత్తాలు చేయించాను. ఒక్క గడ్డా కరగలేదు. కరిగేటట్టయితే నేను ఇక్కడెందుకు కూర్చుంటాను?"

కీమో హాల్లో నేను నవ్వడం అదే మొదలు. ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ ఆయన భార్య నాకోసం కూడా ఉసిరికాయ పచ్చడి వేసిన పెరుగన్నం తెచ్చేది. అది ఒక్కటే నా గొంతు దిగేది. కార్తీకంలో ఆ కుర్చీలోకి వేరే మనిషి వచ్చాడు. నర్సుని అడిగాను. ఆవిడ నా చేతి మీది ప్లాస్టరు సరిచేస్తూ ఉండిపోయింది. ఇంకోసారి అడగలేదు.

ఇంటి సంగతి. నాకు ఏమైందని అడిగినవాళ్ళకి మా వాళ్ళు గర్భసంచి తీసేశారని చెబుతున్నారు. ఈ సంగతి నాకు పక్కింటి సుభద్రగారు చెప్పేదాకా తెలియదు. "గర్భసంచి ఆపరేషన్‌కి జుట్టెందుకు ఊడిందండి?" అని పాపం అమాయకంగా అడిగింది.

సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి మా ఆయన అన్నానికి కూర్చోగానే అడిగాను. వదినే అందుకుంది.

"నీ మంచికే చెప్పాం రాజ్యం. మనది పెళ్ళిచీరల కొట్టు. లోపల కూర్చునే మనిషికి క్యాన్సర్ అని తెలిస్తే శుభమా అని వచ్చేవాళ్ళు గుమ్మం తొక్కుతారా? అయినా అలాంటి చోట వచ్చిందని నలుగురికీ ఎలా చెప్పుకుంటాం?"

"ఏ చోట వదినా? చెప్పు. దానికి పేరుంది."

వదిన తల తిప్పుకుంది. నేను మా ఆయనకేసి తిరిగాను.

"ఏడాది పాటు జబ్బు ఉందంటే లేదన్నారు. ఇప్పుడు ఇదంటే అదంటున్నారు. నా ఒంట్లో ఏముందో చెప్పే హక్కు నాకు ఎప్పుడు ఇస్తారండీ? కాల్చేటప్పుడా?"

ఆయన కంచం ముందు కూర్చుని ఉన్నారు. అన్నంలో చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఆ పేరు నా నోటికి రావడం లేదు రాజ్యం. అంటే నిజమైపోతుందని భయం" అన్నారు.

మామూలుగా అయితే అక్కడ నేను కరిగిపోవాలి. కరగలేదు. "నాకు లేదా భయం?" అని అడిగి లేచిపోయాను. చాలా రోజులు ఆయనతో అవసరమైన మాటలే మాట్లాడాను. ఇలాంటివి రాసేవాళ్ళు కుటుంబమంతా కొండంత అండగా నిలబడింది అని రాస్తారు. మా ఇంట్లో నిలబడ్డారు, కాదనను. ఆసుపత్రికి తిప్పారు, రసాలు తీసి ఇచ్చారు, కాళ్ళు పట్టారు. వాళ్ళకి చేతకానిది ఒక్కటే, నా మాట వినడం. మిగతావన్నీ చేసి ఆ ఒక్కటీ చెయ్యకపోతే, చేసినవన్నీ సగం నెప్పి పెడతాయి.

మాఘం

మళ్ళీ ముహూర్తాలు వచ్చాయి. నేను కొట్టుకి వెళ్తానన్నాను. విగ్గు పెట్టుకోమంది వదిన. తల మీద అప్పటికి అంగుళం జుట్టు వచ్చింది, నెరిసి, ఉంగరాలుగా. అలాగే వెళ్ళి పరుపుల మీద కూర్చున్నాను. ఎడమ చెయ్యి పైకి లేవదు. పై అరలోవి పనమ్మాయి తీసి ఇస్తే పరిచేదాన్ని.

మొగల్తూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. పెద్దమ్మాయి పెళ్ళికి మా దగ్గరే తీసుకున్నారు, ఇప్పుడు రెండో అమ్మాయికి. పెళ్ళికూతురి తల్లి కాంతమ్మగారు నన్ను చూసి గుమ్మంలోనే ఆగింది. నా తలకేసి చూసి, మా ఆయనకేసి చూసి, నెమ్మదిగా అడిగింది.

"ఏంటండీ, అమ్మగారికి ఒంట్లో బాగోలేదా?"

ఆవేళ నాతో వచ్చిన వదిన లోపల్నుంచి ఏదో అనబోయింది. మా ఆయన చేతిలో సగం మడత పెట్టిన చీర ఉంది. మడత పూర్తిచేసి పక్కన పెట్టి అన్నారు.

"రొమ్ము క్యాన్సర్ అండి. వైద్యం అయింది. మేమే ఆలస్యం చేశాం. ఆవిడ ముందే చెప్పింది."

కాంతమ్మగారు చెప్పులు విడిచి లోపలికొచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఆయ్, మా అక్కకీ వచ్చిందండి. పన్నెండేళ్ళయింది, దున్నలా ఉంది. ఏదండీ, అమ్మాయికి చామనఛాయ, దానికి నప్పేది మీరే తియ్యాలి" అంది.

వాళ్ళు అయిదు చీరలు తీసుకుని వెళ్ళారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయనకి నేనే వడ్డించాను. ఆ రోజుతో ఆయన మీద కోపం చాలావరకు దిగింది. వదిన మాత్రం ఇప్పటికీ ఆ పేరు అనదు. "ఆ జబ్బు" అంటుంది. ఆవిడ వయసుకి అదే ఎక్కువనుకుని సరిపెట్టుకుంటున్నాను.

వైశాఖం

డాక్టరమ్మ మీద కోపం మాత్రం దిగలేదు. ఆవిడ క్లినిక్ ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేదాన్ని. ఒకరోజు పొద్దున దాటబుద్ధి కాలేదు. లోపలికి వెళ్ళి పేరు రాయించి బల్ల మీద కూర్చున్నాను. చుట్టూ ఆడవాళ్ళు. కడుపుతో ఉన్నవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, నా వయసు వాళ్ళూ ఉన్నారు. ఆ చివరివాళ్ళ మొహాలు చూస్తూ, వీళ్ళలో ఎవరికి లేదని చెప్పి పంపుతుందో ఇవాళ, అనుకున్నాను.

నా వంతు రాగానే లోపలికి వెళ్ళాను. ఆవిడ నన్ను చూసి కళ్ళద్దాలు తీసేసింది.

"విన్నాను రాజ్యలక్ష్మీ. చాలా బాధపడ్డాను. రిపోర్టులో నార్మల్ అని ఉంటే నేను మాత్రం ఏం చెయ్యగలను చెప్పు?"

"రిపోర్టు నార్మల్ అని చెప్పిందండి. నేను నార్మల్‌గా లేనని నేను చెప్పాను. మీరు దాని మాట విన్నారు."

ఆవిడ కళ్ళద్దాలు తుడవడం మొదలుపెట్టింది.

"మిమ్మల్ని తిట్టడానికి రాలేదు. తిట్టేటట్టయితే చాలా ఉన్నాయి. కణాలు ఒకదాన్నొకటి పట్టుకోకపోతే గడ్డ కట్టదట. పుస్తకాల్లో ఉందట. మీరు చదివే ఉంటారు. మీకు చేతికి తగల్లేదు, సరే. ఫొటోలో కనపళ్ళేదు, సరే. అప్పుడు 'నాకు కనపళ్ళేదు, ఇంకో చోట చూపించుకో' అనాలి. 'నీకు లేదు' అన్నారు. ఆపైన నిద్రమాత్రలిచ్చారు."

"కనపళ్ళేదు అంటే ఆడవాళ్ళు భయపడిపోతారమ్మా."

"భయపడితే ఇంకో డాక్టరు దగ్గరికి పోతారు. ధైర్యం చెబితే ఇంటికి పోతారు. నేను ఇంటికి పోయాను."

తలుపు అవతల ఎవరిదో చంటిపిల్ల ఏడుస్తోంది. డాక్టరమ్మ కళ్ళద్దాలు చేతిలో పట్టుకుని చాలాసేపు బల్లకేసి చూసింది. ఆవిడ ముసలిదైందని అప్పుడే గమనించాను. క్షమించమని అడగలేదు. నేనూ ఆశించలేదు. లేచి వచ్చేశాను.

కొన్నాళ్ళకి కొట్లో బేరం లేనివేళ ఒకావిడ వచ్చి, చీరలు చూడకుండా నిలబడింది. పేరు భవానిట, చాగల్లు నుంచి వచ్చిందట. నలభై ఉంటాయేమో.

"డాక్టరమ్మగారు పంపారండి. నాకు ఎడమపక్క ఎలాగో ఉందండి. ఆవిడ చూసి, 'నా చేతికేమీ తగల్లేదు, అంతమాత్రాన లేదని చెప్పను, రాజమండ్రి వెళ్ళు' అన్నారు. ఒక్కదాన్నీ వెళ్ళడానికి భయమంటే, ముందు మిమ్మల్ని కలవమన్నారు."

నిలబడ్డచోటే డాక్టరమ్మని మనసులో తిట్టుకున్నాను. ఈ మాట నాకెందుకు అనలేదు, దీనికి నా రొమ్ము ఖర్చవ్వాలా అని. తర్వాత చెప్పులేసుకున్నాను. మా ఆయన్ని కొట్టు చూసుకోమని చెప్పి, అందిన రైలుకి భవానితో రాజమండ్రి వెళ్ళాను. నన్ను చూసిన సర్జనే చూశాడు. స్కాన్లన్నీ చేయించాడు. ముక్క కూడా తీయించాడు. దాని ఫలితం కోసం ఇంకోసారి వెళ్ళాం.

ఏమీ లేదు. హార్మోన్ల వల్ల వచ్చిన మార్పట, ఆరునెలలకోసారి చూపించుకుంటే చాలన్నాడు.

తిరుగు రైల్లో భవాని కిటికీ పక్కన కూర్చుని చెంగుతో మొహం తుడుచుకుంటూనే ఉంది. కొవ్వూరు దాటాక నాకేసి తిరిగింది.

"అనవసరంగా మిమ్మల్ని రెండుసార్లు తిప్పానండి. ఏమీ లేనిదానికి ఇంత హడావిడి చేశాను. ఏమీ అనుకోకండి."

నాకు కోపం వచ్చింది. ఏడాదిన్నరగా ఎవరెవరి మీదో వచ్చిందంతా ఒక్కసారి ఆ అమాయకురాలి మీదికి వచ్చింది.

"అనవసరమని అనకు. ఇంకోసారి ఆ మాట నీ నోట రాకూడదు. నీకు తేడాగా ఉందనిపించింది, చూపించుకున్నావు. తప్పు చేసినట్టు నాకు సంజాయిషీ ఇస్తావేంటి?"

ఎదురు సీట్లో వాళ్ళు మాకేసి చూశారు. భవాని బెదిరిపోయింది. తేరుకుని, చిన్నగా అడిగింది.

"మళ్ళీ అలా అనిపిస్తే?"

"మళ్ళీ వెళ్దాం" అన్నాను.